పుల్లరి కథలో చెంచుల పేరేది?

పల్నాటి వాళ్లం ఎక్కడికి వెళ్లినా గర్వంగా చెప్పుకునే కథలు రెండు. ఒకటి చాపకూడు, రెండోది పుల్లరి. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కారంపూడి వీరుల తిరునాళ్లలో ఈనాటికీ తలుచుకుంటాం. అడవిలో పశువులు మేసినందుకు పన్ను కట్టేది లేదని కన్నెగంటి హనుమంతు తెల్లదొరలకు ఎదురు నిలిచి, 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర తూటాలకు బలయ్యాడని బడిపిల్లలకు చెబుతాం. ఎవరితో కలిసి తినాలన్నది మొదటి కథలోని ప్రశ్న. అడవి ఎవరిదన్నది రెండో కథలోని ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ ఒకచోట కలిసే గూడేలు పల్నాడులోనే ఉన్నాయి. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల అంచున, నల్లమలను ఆనుకొని బతికే చెంచుల గూడేలు అవి. మన రెండు కథల్లోనూ వాళ్ల పేరు వినిపించదు.

ఇది కేవలం జ్ఞాపకానికి సంబంధించిన లోపమైతే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. చరిత్రలో పేరు లేకపోవడానికీ రికార్డులో హక్కు లేకపోవడానికీ మధ్య గట్టి బంధం ఉంది. ఆ బంధాన్ని తెంచడానికి పార్లమెంటు 2006లోనే ఒక చట్టం చేసింది. ఆ చట్టంలో చెంచుల వంటి సమూహాల కోసం ప్రత్యేకంగా రాసిన హక్కు ఒకటుంది. దాన్ని అమలు చేయవలసిన బాధ్యతను నియమాలు జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే కమిటీ మీదనే పెట్టాయి. పల్నాడులో ఈ విషయం చర్చకు రావాలన్నది నా వాదన.

ముందుగా పుల్లరి సంగతి. 1921లో పల్నాడు తాలూకాలో మొదలైన అడవి సత్యాగ్రహాన్ని మనం జాతీయోద్యమంలో ఒక ఘట్టంగానే చదువుకున్నాం. అది అంతకంటె లోతైనది. మెట్ట పంట మీద నమ్మకం లేని ప్రాంతంలో పశువే ఆస్తి, అడవి గడ్డే ఆధారం. ఆ గడ్డికి వెల కట్టి, కట్టనివారి పశువులను బందెలదొడ్డికి తోలేసరికి రైతు తిరగబడ్డాడు. గ్రామాలకు వచ్చిన అధికారులకు పాలు, నీళ్లు, సరుకులు అందకుండా సాంఘిక బహిష్కారం సాగింది. చాకలి, మంగలి కులాలవారు తమ సేవను నిలిపివేయడం ఆ బహిష్కారానికి పదును పెట్టింది. ఏ కులవృత్తిని గ్రామం తక్కువగా చూసిందో ఆ కులవృత్తే ఆ రోజున దొరతనాన్ని నిలువరించిన ఆయుధం. హనుమంతు విగ్రహానికి దండ వేసే సభల్లో ఈ సంగతి ఎవరైనా ప్రస్తావించగా నేను వినలేదు. ఆ ఉద్యమం కోసమే జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే ‘మాలపల్లి’ నవల రాశారు. తెలుగులో దళిత జీవితాన్ని కేంద్రంగా తీసుకున్న తొలి పెద్ద నవలకు పల్నాడు అడవి గొడవే పుట్టినిల్లు అనుకుంటే ఆ గడ్డి విలువ మరికొంత అర్థమవుతుంది.

అయితే ఆ గడ్డి మీద పన్ను వేసే అధికారం ప్రభుత్వానికి ఎక్కడినుంచి వచ్చింది? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచి. ఆ చట్టం అడవిని రిజర్వు చేసే పద్ధతి చూడటానికి చాలా న్యాయంగా ఉంటుంది. ఫలానా హద్దుల మధ్య ప్రాంతాన్ని రిజర్వు చేయదలచామని ప్రకటిస్తారు. అందులో ఎవరికైనా హక్కులుంటే గడువులోగా వచ్చి చెప్పుకొమ్మంటారు. సెటిల్‌మెంటు అధికారి విచారిస్తాడు. గడువు దాటితే చెప్పుకోని హక్కు రద్దయినట్టే. తుపాకీ అవసరం లేకుండా, గెజిటులో ఒక్క పేజీతో వేల ఏళ్ల అనుభవం మాసిపోయే ఏర్పాటు ఇది. గెజిటు ఎవరు చదువుతారు, అర్జీ ఎవరు రాస్తారు, సాక్ష్యం ఎవరు పలుకుతారు అన్నవి ఆనాడు పూర్తిగా కులాన్ని బట్టి తేలే విషయాలు. గ్రామంలో భూమి లెక్క కరణం చేతిలో ఉండేది. అడంగల్లో పేరు ఎక్కాలంటే కరణం కలం కదలాలి. ఊరికి దూరంగా, కొండవాగు పక్కన, ఏటికి రెండు చోట్ల గుడిసె మార్చుకునే చెంచు కరణం దృష్టికి రైతు కాడు, కౌలుదారు కాడు, పాలేరు కూడా కాడు. అందుకే ఆయన ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. 1984లో కరణీకం రద్దయింది. ఆ పుస్తకాలు మాత్రం రద్దు కాలేదు. ఈనాటి రెవెన్యూ, అటవీ రికార్డులు వాటి మీదనే నిలబడ్డాయి.

ఈ పద్ధతికీ ఆస్ట్రేలియాలో బ్రిటిష్‌వారు నడిపిన పద్ధతికీ మౌలికంగా తేడా లేదు. అక్కడ మనుషులు ఉన్న ఖండాన్నే ‘ఎవరికీ చెందని నేల’ అనుకొని పంచుకున్నారు. 1992 జూన్ 3న మాబో కేసులో ఆ దేశ హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఆ భావన తప్పని తేల్చింది. కేసు వేసిన ఎడ్డీ మాబో అప్పటికి కొన్ని నెలల క్రితమే కన్నుమూశాడు. మరుసటి ఏడు అక్కడ మూలవాసుల హక్కుల చట్టం వచ్చింది. మన దగ్గర నేల ఎవరిదీ కాదని ఎవరూ అనలేదు. మనుషులు లేరనీ అనలేదు. గడువులోగా అర్జీ రాలేదని మాత్రం అన్నారు. ఫలితం ఒకటే.

ఇక్కడ పల్నాడుకు మరొక చిక్కు ఉంది. పల్నాడు ఉద్యమాన్ని అణచిన గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డే ఆ తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజు మీద సాగిన చర్యలకు ప్రత్యేకాధికారిగా వెళ్లాడు. అదే దొరతనం, అదే అడవి చట్టం. కానీ మన్యానికి 1917 నుంచే భూమి బదిలీ మీద ఒక ఆంక్ష ఉంది. స్వాతంత్ర్యానంతరం అది రాజ్యాంగం అయిదో షెడ్యూలు రక్షణగా, 1970 నాటికి మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే నిబంధనగా గట్టిపడింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన చరిత్రాత్మక తీర్పు కూడా షెడ్యూల్డ్ ప్రాంతానికి సంబంధించినదే. నది అవతల అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచు గ్రామాలకు షెడ్యూల్డ్ ప్రాంతపు గుర్తింపు దక్కింది. నది ఇవతల పల్నాడు చెంచులకు దక్కలేదు. ఒకే తెగ, ఒకే అడవి, ఒకే కృష్ణ. గట్టు మారితే రాజ్యాంగం మారుతుంది! ఆదివాసీ హక్కులు అనగానే పాడేరు, రంపచోడవరం, భద్రాచలం గుర్తొచ్చే మన సాధారణ జ్ఞానం కూడా ఈ గీతనే అనుసరించింది. ఏజెన్సీలో లేని గిరిజనుడు మన చర్చల్లో గిరిజనుడే కాడు. సంక్షేమ పథకపు లబ్ధిదారుడు మాత్రమే.

అందువల్లనే 2006 అటవీ హక్కుల గుర్తింపు చట్టం పల్నాడుకు చాలా ముఖ్యమైనది. అది షెడ్యూల్డ్ ప్రాంతం అన్న షరతు పెట్టలేదు. అడవి ఎక్కడుంటే అక్కడ, రిజర్వు ఫారెస్టులోనూ, అభయారణ్యంలోనూ వర్తిస్తుంది. చట్టం పీఠికలోనే, వలస పాలనలోనూ స్వతంత్ర భారతంలోనూ అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని రాజ్యం ఒప్పుకుంది. హక్కులను కొత్తగా ప్రసాదిస్తున్నామనకుండా, ఉన్న హక్కులను గుర్తించి నమోదు చేస్తున్నామన్నది. ఈ తేడాను నేను తరగతిలో ప్రతి ఏడూ ఒక పూటంతా చెబుతాను. ప్రసాదించిన దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. గుర్తించిన దాన్ని తీసుకోవడానికి కారణం చూపాలి.

మన రాష్ట్రంలో ఈ చట్టం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా. సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, భార్యాభర్తలిద్దరి పేరా ఇచ్చే హక్కుపత్రం. వారసులకు వెళుతుంది, అమ్మడానికి వీల్లేదు. పోడు చేసుకునే వారికి, తండాల్లో సేద్యం చేసే సుగాలీలకు అది ఎంతో అవసరం. ప్రభుత్వాలు వాటిని పండుగలా పంచుతాయి, ఫొటోలు పడతాయి. కానీ చెంచు జీవనానికి ఆ పట్టా కొలత సరిపోదు. చెంచు ఆదినుంచీ దున్నేవాడు కాదు. తేనె, బంక, దుంపలు, చింతపండు, కుంకుళ్లు, చేపలు, ఒకప్పుడు వేట. ఇవన్నీ రెండెకరాల చెక్కలో దొరికేవి కావు. క్షేత్రపర్యటనలో విద్యార్థులతో వెళ్లినప్పుడు ఒక గూడెం పెద్ద నాకు చెప్పిన మాటల సారం ఇది: తనకు పట్టా వచ్చిన చెక్క కొండకు ఇటువైపు ఉంది, తన తండ్రి తేనె తీసిన చరియ అటువైపు ఉంది, మధ్యలో చెక్‌పోస్టు ఉంది.

ఆ చరియ ఎవరిదో చెంచుల్లో వివాదం ఉండదు. 1940లలో నల్లమల చెంచుల మధ్య గడిపి పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఒక్కో పెంటకు తనదైన కొండ, లోయ, వాగు హద్దులుగా ఉన్న ప్రాంతం ఉంటుందనీ, ఆ హద్దులు అందరికీ తెలుసుననీ గమనించాడు. తేనె దింపేటప్పుడు చరియ మీదినుంచి వేలాడే తాడును పట్టుకునేది బావమరిది అంటారు. చెల్లెలి పసుపుకుంకాలు ఆ తాడుకు కట్టి ఉంటాయి కనుక దాన్ని వదలడన్నది ఆ ఏర్పాటులోని తర్కం. దస్తావేజు లేని చోట బంధుత్వమే దస్తావేజు. ఏ చరియ ఎవరి వంతు, ఏ మడుగులో ఎప్పుడు చేప పట్టాలి, ఏ దుంపను ఎంత తవ్వి ఎంత వదలాలి అన్న కట్టుబాట్లన్నీ చట్టమే. అది రాతలో లేదు, అంతే.

ఈ జీవనాన్ని దృష్టిలో ఉంచుకునే 2006 చట్టం మూడో సెక్షన్‌లో ‘ఇ’ క్లాజును చేర్చారు. ఆదిమ తెగలకు, వ్యవసాయానికి ముందు దశలోని సమూహాలకు తమ ఆవాసం మీద సాముదాయక హక్కు ఉంటుందని అది చెబుతుంది. ఆవాసం అంటే ఇల్లు కాదు. ఆ తెగ ఆనవాయితీగా తిరిగే, బతికే, పూజించే మొత్తం ప్రాంతం. రిజర్వు అడవి లోపలిది కూడా. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా, పత్రికల భాషలో పీవీటీజీగా, కేంద్రం గుర్తించిన తెగ. కాబట్టి ఈ క్లాజు వాళ్లకు నేరుగా వర్తిస్తుంది. అంతకంటె ముఖ్యమైనది 2012లో సవరించిన నియమాలలో ఉంది. ఈ సమూహాల బలహీన స్థితిని గమనంలో ఉంచుకొని, వారి సంప్రదాయ పెద్దలతో సంప్రదించి, అందరికీ ఆవాస హక్కులు అందేలా చూడవలసింది జిల్లా స్థాయి కమిటీయేనని ఆ నియమాలు చెబుతున్నాయి. 1882 చట్టం గడువులోగా వచ్చి చెప్పుకొమ్మంది. ఈ నియమం అధికారినే గూడెం దాకా వెళ్లమంటోంది. నూటముప్పై ఏళ్ల తరువాత భారం చేతులు మారింది. చెంచులు అర్జీ పెట్టలేదన్న జవాబు ఇక చెల్లదు.

సాక్ష్యం సంగతి కూడా అంతే. కాగితం లేదన్న మాటతో కొట్టివేయకుండా, అర్జీదారు కాని పెద్దల వాంగ్మూలం, పాత గుడిసెల ఆనవాళ్లు, సమాధులు, పూజాస్థలాలు, బావులు సాక్ష్యంగా తీసుకోవాలని నియమాలు అంటున్నాయి. కెనడా సుప్రీంకోర్టు 1997లో డెల్గామూక్ కేసులో మూలవాసుల మౌఖిక చరిత్రకు రాతపూర్వక పత్రాలతో పాటు విలువ ఇవ్వాలని చెప్పినప్పుడు ప్రపంచమంతా దాన్ని గొప్ప మలుపుగా రాసింది. మన నియమాల్లో అటువంటి మాటే ఉంది. మనకే దాని మీద నమ్మకం లేదు. రచ్చబండ దగ్గర పెద్దరెడ్డి చెప్పిన హద్దు సాక్ష్యమవుతుంది, చెంచు పెద్ద చెప్పిన హద్దు కథ అవుతుంది. ఇది కులం చేసే పని.

ఆవాస హక్కు అసాధ్యమైన కోరిక ఏమీ కాదు. మధ్యప్రదేశ్‌లో డిండోరి జిల్లా బైగాలకు, పాతాళకోట్ భారియాలకు ఈ హక్కు దక్కింది. ఛత్తీస్‌గఢ్‌లో ధమ్‌తరి జిల్లా కమార్లకు 2023లో దక్కింది. నల్లమల చెంచుల పేరు ఆ వరుసలో చేరకుండా ఉండటానికి చట్టంలో ఏ అడ్డంకీ లేదు.

అడ్డంకి పులి అంటారు. నల్లమలలో ఉమ్మడి రాష్ట్రంలో 3,568 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది. పులిని కాపాడాలన్న దానిలో నాకు సందేహం లేదు. చెంచుకూ లేదు. పులి ఉన్న అడవిలో వందల ఏళ్లు బతికినవాడు చెంచే గానీ, సఫారీ జీపులో వచ్చినవాడు కాదు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లోని సోలిగలకు 2011లో సాముదాయక అటవీ హక్కులు ఇచ్చారు. అదీ పులుల అభయారణ్యమే. అక్కడ పులులు తగ్గలేదు సరికదా ఆ తర్వాత లెక్కల్లో పెరిగాయి. అయినా 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసి, దేశవ్యాప్తంగా పులుల ఆవాసాల నడిమి భాగంలో మిగిలి ఉన్న 591 గ్రామాలను, 64,801 కుటుంబాలను తరలించే పని వేగవంతం చేయమంది. వన్యప్రాణి సంరక్షణ చట్టమే, హక్కుల గుర్తింపు పూర్తి కాకుండా, ప్రజల ఇష్టం లేకుండా తరలింపు కూడదని చెబుతోంది. ముందు హక్కు, ఆ తర్వాతే తరలింపు మాట. హక్కు గుర్తించకుండా పదిహేను లక్షల ప్యాకేజీ చేతిలో పెట్టి అడిగితే దాన్ని ఇష్టం అనలేం. తన ఆస్తి ఎంతో తెలియనివాడితో బేరం ఆడటమే అది.

పులి పేరు చెప్పినప్పుడు వెల్దుర్తి ప్రజలకు మరొకటి గుర్తొస్తుంది. వరికపూడిశెల. దశాబ్దాలుగా కరువుతో ఎండిన మండలాలకు కృష్ణ నీటిని ఎత్తిపోసే పథకం అది. అభయారణ్యం మీదుగా పైపులు వెళ్లాలి కనుక అటవీ, వన్యప్రాణి అనుమతులు కావలసి వచ్చాయి, వచ్చాయి. 2023 నవంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి మాచర్లలో శంకుస్థాపన చేశారు. ఆ పథకం రావాలి. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తాగునీటికి పడిన పాట్లు తెలిసినవారెవరూ దాన్ని కాదనరు. నేను చూడమంటున్నది మరొకటి. రైతు నీళ్ల కోసం అభయారణ్యం నిబంధనలను సడలించడానికి మంత్రులు, ఎంపీలు, రెండు పార్టీల నాయకులు ఢిల్లీ దాకా ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. అదే అడవిలో చెంచు హక్కు కోసం ఒక్కరూ నరసరావుపేట దాకా వెళ్లిన దాఖలా లేదు. విచిత్రంగా, సరిగ్గా ఆ నవంబరు 15నే, బిర్సా ముండా జయంతి రోజున, ప్రధానమంత్రి పీవీటీజీల కోసం జన్‌మన్ పథకాన్ని ప్రారంభించారు. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, కరెంటు. అన్నీ కావలసినవే. ఇంటికి గోడలు ఇస్తున్న పథకం, ఆ ఇంటి ముందున్న అడవి ఎవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టింది.

నీటి సంగతి విడిగా చెప్పాలి. మనం ఆదివాసీ హక్కు అంటే భూమి అనే అనుకుంటాం. 2006 చట్టం మూడో సెక్షన్‌లోని ‘డి’ క్లాజు చేపల మీద, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద, పశువుల మేత మీద, సంచార జాతుల రుతువారీ వినియోగం మీద సాముదాయక హక్కును గుర్తిస్తుంది. హనుమంతు కాలపు పుల్లరికి ఇన్నాళ్లకు పార్లమెంటు ఇచ్చిన జవాబు ఈ వాక్యంలోనే ఉంది! దాన్ని పల్నాడు గమనించలేదు. మాచర్ల వైపు సాగర్ జలాశయపు ఒడ్డు చాలా భాగం అడవే. చంద్రవంక, నాగులేరు, గుండ్లకమ్మ పాయలు అడవి నీళ్లే. వీటి ఒడ్డున చెంచులు, పల్లంలో కాలువ గట్ల మీద యానాదులు చేపలు పట్టి బతుకుతారు. యానాదులు రాష్ట్రంలో అయిదు లక్షలకు పైగా ఉన్నారు. చాలామందికి గుడిసె వేసుకున్న గట్టు కూడా తమది కాదు. చేపల వేటను ప్రభుత్వం లైసెన్సులతో, సహకార సంఘాలతో, చెరువుల వేలంతో నడుపుతుంది. మత్స్యకార సంఘాలు ఎక్కువగా కులవృత్తి ప్రాతిపదిక మీద ఏర్పడ్డవి. వేలంలో పాడేది డబ్బున్నవాడు. కులవృత్తి జాబితాలో పేరు లేని, చేతిలో డబ్బు లేని యానాది తాను పుట్టిన చెరువులోనే దొంగ అవుతాడు. బెస్త, పల్లెకారుల హక్కును తగ్గించమని నేను అనడం లేదు. వాళ్లూ బీసీల్లో బీదవాళ్లే. వేలం పాటను పక్కన పెట్టి చూస్తే ఆ నీళ్ల దగ్గర ఇద్దరికీ చోటుంది.

ఆస్ట్రేలియాలో 2008 నాటి బ్లూ మడ్ బే తీర్పు ఈ విషయంలో చదవదగినది. మూలవాసుల నేలను ఆనుకొని ఆటుపోట్ల మధ్య ఉండే నీటిలోకి రావాలంటే వ్యాపార మత్స్యకారులు సైతం మూలవాసుల అనుమతి తీసుకోవాలని అది తేల్చింది. మన దగ్గర నీటి మీద సంప్రదాయ హక్కు ఎంత అదృశ్యంగా ఉండేదో ప్రాజెక్టుల చరిత్ర చెబుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండ లోయ మునిగిపోయింది. ఆచార్య నాగార్జునుడి కాలపు ఇటుకలను, శిల్పాలను జాగ్రత్తగా తరలించి కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. అది గొప్ప పనే. కానీ మనుషుల విషయంలో ఆనాటి 1894 భూసేకరణ చట్టానికి కనిపించింది నేల మీద రాతపూర్వక హక్కున్నవారే. నదిలో చేపపట్టినవాడు, లోయలో కట్టె ఏరినవాడు, పడవ నడిపినవాడు దాని లెక్కలోకి రారు. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం, అడవి ఉత్పత్తులు ఏరుకునేవారిని, వేటగాళ్లను, జాలర్లను, పడవవాళ్లను కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తించింది. ఆ మాట చట్టంలోకి రావడానికి మనకు నూటపందొమ్మిదేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. చెంచులకు ఆవాస హక్కు ఇస్తే అడవి అంచున మేకలు, గొర్రెలు మేపుకునే గొల్లల గతి, బీడు చెక్క దున్నుకునే మాల, మాదిగల గతి, తండాల గతి ఏమవుతుందని కొందరు మిత్రులు అడుగుతారు. సరైన ప్రశ్నే. అసలు అన్యాయం మరోచోట ఉంది. ఎస్టీలు కానివారు తాము అడవి మీద ఆధారపడ్డవారమని చెప్పుకోవాలంటే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ నివసించినట్టు చూపాలని చట్టం అంటుంది. 1930 నాటి ఆధారం మాదిగ పాలేరు ఎక్కడినుంచి తెస్తాడు? ఆనాడు ఆయన పేరు రాసిన కాగితం ఉంటే అది ఏ షావుకారు అప్పుపత్రమో అయి ఉంటుంది. ఈ షరతును సడలించమని అడగవలసింది దళిత, బీసీ ఉద్యమాలే. పెద్దల వాంగ్మూలాన్ని వీరి విషయంలోనూ సాక్ష్యంగా తీసుకోవాలి. ఆవాస హక్కు చెంచులకు దక్కినంత మాత్రాన ఇతరుల మేత, దారి, నీళ్లు రద్దు కావు. ఒకే అడవి మీద వేర్వేరు సముదాయాల వేర్వేరు హక్కులు పక్కపక్కన నమోదు కావచ్చు. నిజానికి అడవి ఎప్పుడూ అలాగే ఉంది. ఒకరి పేర ఒక సర్వే నంబరు అన్నది పల్లపు పొలం ఆలోచన.

చెంచులను దేవుడి బంధువులుగా చూడటంలో మనకు ఏ ఇబ్బందీ లేదు. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడు. శ్రీశైలం మల్లన్న చెంచు మల్లన్న. 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’ సినిమాకు జనం నీరాజనం పట్టారు. పురాణంలో అల్లుడి హోదా ఇచ్చిన సమాజం రికార్డులో కూలీ హోదా కూడా ఇవ్వలేదు. కుల సమాజం ఆదివాసిని తనలోకి తీసుకునే తీరు ఇదే. కథలో పీట వేస్తుంది, కచేరీలో గుమ్మం బయట నిలబెడుతుంది. ఐక్యరాజ్యసమితిలోనూ మన తీరు ఇంచుమించు ఇదే. మూలవాసుల హక్కుల ప్రకటనకు 2007 సెప్టెంబరులో భారత్ అనుకూలంగా ఓటు వేసింది. స్వాతంత్ర్యం తర్వాత భారతీయులందరూ మూలవాసులే అన్నది అక్కడ మన ప్రభుత్వ వైఖరి. అందరూ మూలవాసులే అయినప్పుడు ప్రత్యేకంగా ఎవరికీ ఏమీ ఇవ్వనవసరం లేదు కదా!

రాజకీయంగా చెంచుల బలం ఎంత? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద దాదాపు 64 వేలు. పల్నాడు వాటా అందులో చిన్నది. ఫ్యాక్షన్లతో, పంతాలతో, ఒక్కో ఊరి ఓట్లు లెక్కపెట్టుకునే మాచర్ల, గురజాల రాజకీయంలో ఆ సంఖ్య ఎవరినీ కదిలించదు. ఎస్టీ అన్న గొడుగు కింద కూడా చదువు, సంఘటన ఉన్న సమూహాల గొంతే ముందు వినిపిస్తుంది. చెంచుల వ్యవహారాలు చూసే ఐటీడీఏ శ్రీశైలం పేర ఉంది. బొల్లాపల్లి గూడెం నుంచి అక్కడికి వెళ్లి రావడం ఒక కుటుంబానికి రెండు రోజుల కూలీ. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. దాంతో అటవీ హక్కుల జిల్లా స్థాయి కమిటీ గుంటూరు నుంచి దగ్గరికి జరిగింది. కొత్త జిల్లా వల్ల చెంచుకు ఒనగూరగల మేలు ఏదైనా ఉంటే అది ఇదే.

ఆ కమిటీ చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గూడేల పెద్దలను వాళ్ల గూడేల్లోనే కలవాలి. పెంటల హద్దులు, తేనె చరియలు, మడుగులు, సమాధులు, దేవతల తావులు వాళ్లు నడిచి చూపిస్తుంటే పటం మీద గుర్తించాలి. చెంచుల ఆవాసం జిల్లా గీతలను పట్టించుకోదు కనుక ప్రకాశం, నంద్యాల జిల్లాల కమిటీలతో కలిసి కూర్చోవాలి. అటవీ శాఖ ప్రతినిధి అభ్యంతరం చెబితే దాన్ని మాటతో వదలకుండా రాతపూర్వకంగా నమోదు చేయాలి. సాముదాయక అటవీ వనరుల హక్కును ఏ గ్రామంలోనైనా గుర్తించకపోతే కారణాలను కమిటీ కార్యదర్శి రాసి పెట్టాలని నియమాలే చెబుతున్నాయి. పల్నాడులో ఇప్పటిదాకా రాసిన కారణాలు ఏమిటో బయట పెట్టమని సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. మా విశ్వవిద్యాలయాల సామాజికశాస్త్ర శాఖలు సెమినార్లకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ పటాలకు పెడితే విద్యార్థులకు పరిశోధన, గూడేలకు సాక్ష్యం రెండూ దొరుకుతాయి.

ఈ పనికి గడువు చట్టంలో లేదు. ఉన్న గడువు మరొకటి. రిజర్వు గీతలు గట్టిపడక ముందు తమ తాతలు ఎక్కడెక్కడ గుడిసె వేశారో, ఏ వాగుకు ఏ పేరో చెప్పగలిగిన పెద్దలు ఇప్పుడు గూడెంలో ఒకరో ఇద్దరో ఉన్నారు. నియమాలు సాక్ష్యంగా ఒప్పుకుంటున్న వాంగ్మూలం వాళ్లదే.